సేనాపత్యము పోయిన ఖాలిదు



నేటి ప్రసంగమునకు నేను తీసికొనిన విషయము అరబ్బుదేశపు సేనాని యొకని చరిత్రము. అతని పేరు ఖాలిదు. తండ్రి పేరు వలీదు. అరబ్బీ భాషలో ‘బిన్’ అనగా కుమారుడు. కావున అతనిని ఖాలిదు బిన్ వలీదు అందురు. మన గ్రామములలోని ముసల్మాను కుటుంబములలో ఖాలిదు అను పేరును, సైఫుల్లా అను పేరును మీరు వినియే యుందురు. ఆ రెండవది యీ సేనానికి వచ్చిన బిరుదము. దాని యర్థము దేవుని ఖడ్గము.

వీరుల గెలుపుల కథలు మనకు క్రొత్తవి కావు. ఇతని కథలో నన్ను పలుమాఱు ఆలోచింపజేసిన ఘట్టము వేఱొకటి కలదు. యుద్ధమున ఓటమి యెఱుగడని పేరు పడసిన యీ సేనాపతిని, దేశమునకు దేశము చేతికి వచ్చుచున్న వేళ, ఖలీఫా పదవినుండి తొలగించెను. తొలగింపబడినవాడు తిరుగబడలేదు, శిబిరము విడిచి పోలేదు. తనకంటె రణవిద్యలో తక్కువవాడైన వేఱొకని యాజ్ఞకు లోబడి, అదే సైన్యములో, అదే శత్రువుతో పోరాడెను. ఖలీఫా అట్లు చేయుట న్యాయమా? ఆ వీరుడు దాని నెట్లు సహించెను? ఈ రెండు ప్రశ్నలను చేతబట్టుకొని కథలోనికి ప్రవేశింతము.

ముందుగా ఒక మాట. ఖాలిదు క్రీ. శ. 642 లో మరణించెను. అతనిని గూర్చి విపులముగా వ్రాసిన బలాదురీ, తబరీ అను చరిత్రకారులు అటుపిమ్మట రెండువందల యేండ్లకు పైబడినవారు. తబరీ మరణించినది 923 లో. వీరు తమ గ్రంథములను గాలిలోనుండి తీయలేదు. ఫలానివాడు ఫలానివానికి చెప్పెను, అతడు మఱియొకనికి చెప్పెను అని, చెప్పినవారి పరంపరను పేర్లతో వ్రాసిరి. ఒక సంగతిని గూర్చి రెండు విధముల వినికిడి యున్నచో రెంటిని వ్రాసిరి. తాళపత్ర గ్రంథములను పరిష్కరించు పండితుడు పాఠాంతరములను క్రింద చూపునట్లే యిది. కావున నా ప్రసంగములో ‘అందురు’ అను మాట తఱచుగా వచ్చినచో విసుగుకొనవలదు.

ఖాలిదు మక్కానగరములోని ఖురైషు తెగలో మఖ్జూము వంశమున బుట్టెను. ధనమునకును, యుద్ధవ్యాపారమునకును ఆ వంశము ప్రసిద్ధము. తండ్రి వలీదు నగరములోని పెద్దలలో నొకడు. మహమ్మదు ప్రవక్తకు గట్టి ప్రతిపక్షి. కుమారుడును మొదట తండ్రి త్రోవనే నడచెను. క్రీ. శ. 625 లో మదీనా సమీపమున ఉహుదు కొండయొద్ద మక్కావారికిని, ప్రవక్త పక్షమువారికిని యుద్ధము జరిగినపుడు ఖాలిదు మక్కావారి ఆశ్వికదళమునకు నాయకుడు. ప్రవక్త ఒక మిట్టపై ఏబదిమంది విలుకాండ్రను నిలిపి, ఏమి జరిగినను అచ్చటినుండి కదలవలదని కట్టడి చేసియుండిరి. మక్కావారు వెనుదీయగా కొల్లసొమ్ముపై ఆశ పుట్టి ఆ విలుకాండ్రలో పలువురు క్రిందికి దిగిరి. ఆ క్షణము కొఱకే కాచుకొనియున్న ఖాలిదు గుఱ్ఱపుదండును చుట్టు త్రిప్పి వెనుకనుండి మీద పడెను. గెలిచిన యుద్ధము తాఱుమాఱయ్యెను. ప్రవక్త పినతండ్రి హంజా ఆ దినమున హతుడయ్యెను, ప్రవక్తయు గాయపడిరి. ఎదుటి పక్షములోని లోపమును కనిపెట్టగల కన్ను ఖాలిదునకు కలదని రెండు పక్షములవారికిని తెలిసిపోయెను.

నాలుగేండ్లు గడచిన పిదప, 629 లో, ఇతడు మదీనాకు వచ్చి ఇస్లాము మతము స్వీకరించెను. తమ్ము ఓడింపజూచినవానిని ప్రవక్త ఆదరముతో చేర్చుకొనిరి. ఆ యేడే తూర్పు రోమకుల సరిహద్దున, నేటి జోర్డాను దేశములోని మూతా అనుచోట, చిన్న ముసల్మాను సేన పెద్దసేన కెదురుపడెను. ప్రవక్త నియమించిన ముగ్గురు నాయకులు—జైదు, జాఫరు, అబ్దుల్లా—ఒకరి తరువాత నొకరు కూలిరి. సామాన్య సైనికుడుగా వచ్చిన ఖాలిదును సైనికులు నాయకునిగా ఎన్నుకొనిరి. ఆనాడు తన చేతిలో తొమ్మిది కత్తులు విఱిగెనని అతడు తరువాత చెప్పుచుండెనట. అతడు చేసిన గొప్పపని గెలుచుట కాదు; మిగిలిన సేనను చెదరనీయక వెనుకకు దెచ్చుట. ఊరి జనులు ఆ సైనికులను పాఱిపోయి వచ్చినవారని యెగతాళి చేసిరి. ప్రవక్త వారిని మందలించి, వీరు మరల పోరాడబోవువారని సమర్థించిరి. దేవుని ఖడ్గమను బిరుదము ఈ యుద్ధమునుండియే వచ్చినదని సంప్రదాయము. వెనుకకు వచ్చిన యుద్ధమునకు ఇట్టి బిరుదము లభించుట గమనింపదగినది.

ఇక ఖాలిదు స్వభావములోని రెండవ ప్రక్క. దీనిని దాచి కథ చెప్పినచో ఖలీఫా చేసిన పని యెవరికిని అర్థము కాదు. 630 లో మక్కా ప్రవక్త వశమైన పిదప, ఖాలిదు జదీమా అను తెగవారియొద్దకు పంపబడెను. పంపినది మతబోధకు, యుద్ధమునకు గాదు. వారు ఆయుధములు దించి, తాము మతము మార్చుకొంటిమని చెప్పదలచి, స్పష్టము కాని మాట యొకటి పలికిరి. ఖాలిదు దానిని అంగీకరింపక వారిని బంధించి, పలువురను చంపించెను. ఈ వార్త విని ప్రవక్త చేతులెత్తి, ఖాలిదు చేసిన దానితో తనకు సంబంధము లేదని దేవుని యెదుట చెప్పుకొనిరి. పిమ్మట తమ యల్లుడు అలీని ధనముతో పంపి, చచ్చినవారికి ప్రాణమూల్యమును, పోయిన వస్తువులకు వెలయు చెల్లింపజేసిరి. కుక్క నీరు త్రాగు పాత్రకు సైతము వెల కట్టి యిచ్చిరందురు. అయినను ఖాలిదును సేనానాయకత్వమునుండి తొలగింపలేదు.

632 లో ప్రవక్త కాలధర్మము నొందిరి. వారి తరువాత సమాజమునకు పెద్దయైనవారు అబూబకరు. ఈ పెద్దరికమునకే ఖలీఫా పదవి యని పేరు. ప్రవక్త పోయినారని విని అరబ్బు తెగలు పెక్కులు మదీనాతో సంబంధము త్రెంచుకొనెను. కొందఱు తామును ప్రవక్తలమని బయలుదేరిరి. ఆ కల్లోలము నడచుటలో అబూబకరునకు కుడిచేయి ఖాలిదు. యమామా ప్రాంతమున ముసైలిమా అనువానితో జరిగిన యుద్ధము వానిలో మిక్కిలి ఘోరమైనది. గెలుపు ఖాలిదుదే. కాని ఖురానును కంఠస్థము చేసినవారనేకులు ఆ యుద్ధములో మడిసిరి. మనలో వేదము నోటనే నిలుచుచు వచ్చినట్లు వారిలో ఖురాను నాటికి ముఖ్యముగా కంఠములలో నుండెను. కంఠములు తెగినచో గ్రంథమేమగునను భీతితోనే దానిని ఒకచోట వ్రాయించుటకు పూనుకొనిరని ముసల్మానుల సంప్రదాయము చెప్పుచున్నది.

ఈ యుద్ధముల నడుమ ఇంకొక దోషము జరిగెను. మాలికు బిన్ నువైరా అను తెగనాయకుడు పట్టుబడగా ఖాలిదు శిబిరములో అతనిని చంపిరి. పిదప అతని భార్యను ఖాలిదు వివాహమాడెను. మాలికు మతమును విడువలేదని, ప్రార్థన చేయుచుండగా మేము చూచితిమని ఖాలిదు సేనలోనివారే మదీనాకు వచ్చి మొఱపెట్టిరి. ఉమరు అను పెద్ద—ఈ పేరు గుర్తుంచుకొనుడు—ఖాలిదును తొలగింపవలెనని, శిక్షింపవలెనని పట్టుపట్టెను. అబూబకరు ఖాలిదును పిలిపించి, మందలించి, అతడు చెప్పిన సమాధానమును అంగీకరించి, దేవుడు దూసిన కత్తిని తాను ఒరలో పెట్టజాలనను భావముతో మాటలాడెనట. హతుని తమ్మునికి ప్రాణమూల్యము చెల్లించెను. ఆ తమ్ముడు ముతమ్మిము. అన్నను గూర్చి అతడు చెప్పిన శోకగీతములు అరబ్బీ సాహిత్యములో నేటికిని మిన్నగా నెన్నబడుచున్నవి. కత్తి చేసిన పని మాసిపోయినను కవి కన్నీరు మాసిపోదు గదా!

633 లో ఖాలిదు యూఫ్రటీసు నదీతీరమునకు పోయి, పారసీక చక్రవర్తికి లోబడిన హీరానగరమును కప్పము కట్టునట్లు చేసెను. మఱుసటి యేడు అబూబకరు అతనిని అచ్చటినుండి సిరియాకు పొమ్మనెను. అచ్చట తూర్పు రోమకులతో పోరాడుచున్న సేనలకు సాయము కావలసెను. ఆ కాలమును గూర్చి ఒక సంగతి తెలిసికొనవలెను. 602 మొదలు 628 వఱకు ఇరువదియాఱేండ్లు రోమకులును పారసీకులును ఒకరి నొకరు చీల్చుకొని యుండిరి. రెండు రాజ్యములును బొక్కసములు వట్టిపోయి, ప్రజలు పన్నులకు విసిగి, అలసియున్నవి. అరబ్బుల గెలుపునకు వారి శౌర్యము ఎంత కారణమో ఎదుటివారి యలసట అంత కారణము. సేనానిని పొగడువారు దీనిని మఱచిపోవుదురు.

హీరానుండి సిరియాకు పోవుటకు నడుమ నీరులేని యెడారి. నీళ్లున్న మార్గమున పోయినచో రోమకుల కోటలు అడ్డము వచ్చును, ఆలస్యమగును. ఖాలిదు ఎడారినే యెన్నుకొనెను. వెంట కొన్ని వందలమంది యని కొందఱు, వేలమంది యని కొందఱు వ్రాసిరి. నీరు దొరకని భాగము దాటుటకు ఐదాఱు దినములు పట్టును. తోలుతిత్తులలో మోయగల నీరు మనుష్యులకు చాలును గాని గుఱ్ఱములకు చాలదు. రాఫీ అను మార్గదర్శి ఒక యుపాయము చెప్పెను. కొన్ని పెద్ద యొంటెలను దప్పికతో మాడ్చి, పిమ్మట కడుపునిండ నీరు త్రాగించి, నెమరు వేయకుండ నోళ్లు కట్టిరి. దినమునకు కొన్నింటిని కోసి, వాని పొట్టలలోని నీటిని గుఱ్ఱములకు త్రాగించుచు నడచిరి. చివరిదినమున నీరు అయిపోయెను. రాఫీకి కన్నులు వాచి చూపు సరిగా లేదు. ఇచ్చట ఒక ముండ్లపొద యుండవలెను, వెదకుడని అతడు చెప్పెను. ఎంత వెదకినను పొద కనబడలేదు. మరల వెదకుడని బ్రతిమాలగా, నఱకివేయబడిన మోడొకటి దొరకెను. దాని మొదట త్రవ్వగా నీరు పడెను. తాను చిన్నతనమున తండ్రితో ఒక్కమాఱు మాత్రమే అచ్చటికి వచ్చితినని రాఫీ అప్పుడు చెప్పెనట! అరువదియేండ్లు దాటిన నాకు ఈ కథలో ఖాలిదు సాహసముకంటె, బాల్యమున ఒకమాఱు చూచిన పొదను మఱవని ఆ ముసలివాని జ్ఞాపకశక్తియే గొప్పగా తోచును. వారు నడచిన త్రోవ యేది యన్న విషయమున నేటి చరిత్రకారులకు భేదాభిప్రాయములు కలవు. ఎడారి దాటిరనుట మాత్రము నిజము.

సిరియాలో 634 వ సంవత్సరమున అజ్నాదైను వద్ద రోమకులు ఓడిరి. ఆ యేడు ఆగస్టులో మదీనాలో అబూబకరు మరణించెను. ఉమరు ఖలీఫా అయ్యెను. అధికారమునకు వచ్చిన ఉమరు మొట్టమొదట చేసిన పనులలో నొకటి, ఖాలిదును సేనాపత్యమునుండి తొలగించి అబూ ఉబైదాను నియమించుచు జాబు వ్రాయుట.

ఆ జాబు ఎప్పుడు చేరెననుటలో పాఠాంతరములు కలవు. దమస్కు నగరమును ముట్టడించుచుండగా వచ్చెనని కొందఱు, పెద్ద యుద్ధము నడుమ వచ్చెనని కొందఱు. అబూ ఉబైదా ఆ జాబును కొన్నాళ్లు దాచెనని మాత్రము పలువురు చెప్పుదురు. యుద్ధము నడుచుచుండగా చెప్పినచో సేన కలత చెందునని ఒక కారణము. ఖాలిదు ముఖము చూచి ఆ మాట చెప్పుటకు నోరాడకపోవుట రెండవది. ఈ అబూ ఉబైదా మహావీరుడని పేరుపొందినవాడు గాడు. మాట తప్పనివాడు, సొమ్ము ముట్టనివాడు. నమ్మదగినవాడని ప్రవక్తయే అతనిని పేర్కొనిరి. తరువాత ఉమరు సిరియాకు వచ్చి ఈ సేనాపతి యింట చూడగా కత్తి, డాలు, జీను తప్ప సామాను కనబడలేదట.

దమస్కు లొంగిన విధము ఈ యిద్దఱి స్వభావములను చూపును. ఖాలిదు తూర్పు ద్వారమున కోట యెక్కి బలముతో లోనికి వచ్చెను. అదే వేళ పడమటి ద్వారమున పౌరులు అబూ ఉబైదాతో సంధి చేసికొని తలుపులు తెఱచిరి. నగరము కత్తికి చిక్కినదా, సంధికి లోబడినదా? కత్తికి చిక్కినచో కొల్ల. సంధియైనచో ప్రాణమునకు, ధనమునకు అభయము. చివరకు నగరమంతయు సంధికి లోబడినట్లే నిర్ణయించిరి. ఆ తూర్పు ద్వారము నేటికిని దమస్కులో నిలిచియున్నది.

ఇచ్చట మన భారతము జ్ఞప్తికి రాక మానదు. ఉద్యోగపర్వములో భీష్ముడు రథికుల లెక్క చెప్పుచు కర్ణుని అర్ధరథుడనెను. కర్ణుడు కోపించి, ఈ తాత సేనాపతిగా నున్నంతకాలము ఆయుధము పట్టనని శపథము చేసెను. పదిదినములు దుర్యోధనుని సేన చచ్చుచుండగా అతడు కూర్చుండెను. కర్ణుని తప్పుపట్టుట సులభము. కాని మన గ్రామములలో పెద్దరికము చేయి మాఱినపుడు, పాత పెద్ద రచ్చబండకు వచ్చి క్రొత్తవాని ప్రక్కన కూర్చుండి, చెఱువుకట్టు పనికి మనుష్యులను పంపుట యెంత అరుదో మీకు నేను చెప్పవలెనా? ఇంటిలో పని యున్నదని రాకపోవుటయే లోకరీతి.

ఖాలిదు లోకరీతిని నడువలేదు. 636 లో రోమక చక్రవర్తి హెరాక్లియసు పెద్దసేనను కూడదీసి పంపెను. అరబ్బులు తాము పట్టుకొనిన నగరములను విడిచి దక్షిణమునకు తగ్గిరి. హిమ్సు నగరము విడుచునపుడు, మిమ్ము కాపాడలేకున్నాము గనుక మీ పన్ను మాకు తగదని, వసూలు చేసిన సొమ్మును పౌరులకు మరల నిచ్చిరని బలాదురీ వ్రాసెను. ఆగస్టు మాసమున యర్మూకు నదికి చేరువనున్న మైదానమున రెండు సేనలు తలపడెను. రెండు ప్రక్కల లోతైన కనుమలు. ప్రాచీనులు రోమకుల సంఖ్య లక్షలకు ఎక్కించిరి. ఇప్పటివారు అంత నమ్మరు, అరబ్బులకంటె ఎక్కువ యనుట చాలును. పోరు ఆఱుదినములు సాగెనని చెప్పుదురు. సేనాపతి అబూ ఉబైదా. ఆశ్వికదళము ఖాలిదు చేతిలో. ఎచ్చట వరుస చీలునో అచ్చటికి ఆ దళము పోయి చీలికను పూడ్చును. అబూ ఉబైదా తన కధికారమున్నదని ఖాలిదు సలహాను త్రోసివేయలేదు. ఖాలిదు తనకు యుక్తి తెలియునని అబూ ఉబైదా ఆజ్ఞను దాటలేదు. తుదిదినమున రోమక ఆశ్వికులు వేఱుపడి పాఱిపోగా, పదాతులు కనుమల యంచునకు నెట్టబడిరి. పెక్కుమంది లోయలలో పడి మడిసిరి. సిరియా దేశము రోమకుల చేజాఱెను.

కథ ఇంతటితో ముగిసినచో అందఱికిని సంతోషమే. కాని ఉమరు ఇంకను పట్టు విడువలేదు. యర్మూకు తరువాత ఖాలిదు ఉత్తర సిరియాలో ఖిన్నస్రీను ప్రాంతమునకు పాలకుడై యుండెను. 638 ప్రాంతమున అష్అసు అను తెగనాయకుడు వచ్చి అతనిని పొగడగా, పదివేల దిర్హములు బహుమాన మిచ్చెను. దిర్హమనగా వెండినాణెము. ఉమరు చెవికి వార్త చేరెను. విచారణకు మనిషిని పంపుచు అతడు చెప్పిన తర్కము వినుడు: ఆ సొమ్ము యుద్ధములో వచ్చిన పొత్తు సొమ్మైనచో ఖాలిదు చేసినది అపహరణము, తన సొంతమైనచో దుబారా, రెంటిలో నేదైనను తొలగింపవలెను. జనసభలో ఖాలిదును నిలబెట్టి ప్రశ్నించిరి. అతడు మాటలాడలేదు. ప్రవక్త కాలమున ప్రార్థనకు పిలుపు పిలిచిన బిలాలు లేచి, ఖాలిదు తలపాగ తీసి దానితోనే అతని చేతులు కట్టెను. ఒకప్పుడు బానిసయైన నల్లనివాడు, ఖురైషు కులీనుడగు మహాసేనాపతి చేతులు కట్టెను, కులీనుడు కట్టించుకొనెను. సొమ్ము నా సొంతమని ఖాలిదు చెప్పిన పిమ్మట, ఆ బిలాలే కట్లు విప్పి, తలపాగను తన చేతులతో మరల అతని తలపై చుట్టెను. అయినను పదవి పోయెను.

ఖాలిదు మదీనాకు పోయి, నీవు నాకు అన్యాయము చేసితివని ఉమరుతో ముఖముననే చెప్పెను. ఉమరు లెక్క చూచి, మిక్కిలియైన సొమ్మును బొక్కసమునకు చేర్చుకొనెనందురు. పిదప రాష్ట్రములకు జాబులు వ్రాయించెను: ఖాలిదును కోపముచేత గాని, ద్రోహము చేసెనని గాని తొలగింపలేదు, జనులు అతని మోహములో పడి, గెలుపు అతనివలననే వచ్చుచున్నదని నమ్ముచున్నారు, ఇచ్చువాడు దేవుడని వారు తెలియవలెను, అని ఆ జాబుల సారాంశము.

ఉమరుది అసూయ యని కొందఱందురు. నాకట్లు తోచదు. మాలికు విషయమున అతడు పదవి లేనప్పుడు ఏమి కోరెనో, పదవి వచ్చినప్పుడు అదే చేసెను. సేన యంతయు ఒక్కని పేర కట్టుబడినచో, రేపు ఆ ఒక్కడు రాజగుట కెంతసేపు? అతడు పోయిననాడు సేన యేమగును? ఉమరు భయము వ్యర్థము కాదు. అయినను బహుమాన మిచ్చినందుకు సభలో చేతులు కట్టించుట మితిమీఱిన దండన యనియే నా మతము. దోషమునకు తగినది కావలసినది జదీమా వారి విషయమున, మాలికు విషయమున. ఆ దినములలో గెలుపు అవసరమై ఊరకుండిరి. గెలుపులు నిండిన పిదప చిన్న తప్పునకు పెద్దశిక్ష పడెను.

తరువాతి కథ స్వల్పము. 639 లో సిరియాలో మహామారి చెలరేగి అబూ ఉబైదాను కబళించెను. ఖాలిదు మూడేండ్లు బ్రతికెను. 642 లో హిమ్సులో మరణించెననుట ప్రసిద్ధి. మదీనాలో నని మఱియొక పాఠము. జానెడు మేర గాయము లేని చోటు నా యొడలిపై లేదు, అయినను ఒంటె చచ్చినట్లు పక్కమీద చచ్చుచున్నానని వగచెనట. హిమ్సులో అతని పేర మసీదు కలదు; ఇప్పుడున్న కట్టడము ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో ఓటోమాను పాలకులు కట్టించినది. 2013 లో సిరియా అంతర్యుద్ధములో ఫిరంగులు తగిలి అది దెబ్బతినెను, తరువాత బాగుచేసిరి.

అతడు విడిచిన ఆస్తి గుఱ్ఱము, ఆయుధములు, ఒక బానిస. వార్త మదీనాకు చేరగా మఖ్జూము వంశపు స్త్రీలు గుమిగూడి యేడ్చిరి. చచ్చినవారికై బిగ్గరగా నేడ్చుటను ఎప్పుడును వారించు ఉమరు, ఆనాడు వారిని ఏడువనిండు అనెనట. మరణశాసనమును చూడగా, తన వెనుకటి వ్యవహారములను చక్కబెట్టు భారమును ఖాలిదు ఉమరునకే అప్పగించి యుండెను.